రెండవ ప్రతి

శ్రీ సత్యసాయి జిల్లాలో పెనుకొండకును హిందూపురమునకును నడుమ సోమందేపల్లి యను ఊరు కలదు. 2022వ సంవత్సరమున జిల్లాలను తిరిగి విభజించుటకు పూర్వమిది అనంతపురము జిల్లాలోనిది. ఈ ప్రాంతమున వానలు తక్కువ. భూమి పంట నీయని యేట మగ్గము కూడు పెట్టును. ఉత్తరమున ధర్మవరము పట్టుచీరలకును, దక్షిణమున హిందూపురము పట్టుగూళ్ళ విపణికిని పేరు పొందినవి. ఆ రెంటికిని మధ్యనున్న సోమందేపల్లిలోను నేతపనిచే జీవించు కుటుంబములు పెక్కు కలవు. వీధిలో నడచువారికి మగ్గపు చప్పుడు తలుపు వెనుకనుండి వినవచ్చుచుండును.

చీర యందము అంచులోను కొంగులోను ఉన్నది. ఆ అంచున హంసలు బారుగా నడచుటకు, మామిడిపిందెలు వంపు తిరుగుటకు ఏ పడుగుపోగు ఎప్పుడు పైకి లేవవలెనో, ఏది క్రింద నుండవలెనో ముందుగానే నిర్ణయింపబడి యుండవలెను. వేలకొలది పోగుల విషయమును నేతగాడు మనసున నుంచుకొనజాలడు. అందుచే మగ్గముపైన జాకార్డు అను యంత్రమును బిగింతురు. దానికి రంధ్రములు గల అట్టల దండ యొకటి తగిలింపబడి యుండును. పేకపోగు ఒకమారు పోవునప్పుడు ఒక అట్ట ముందునకు వచ్చును. అట్టలో రంధ్రమున్నచోట పోగు లేచును, లేనిచోట లేవదు. అట్టలన్నియు వరుసగా తిరిగి వచ్చుసరికి అంచున ఒక హంస పూర్తియగును.

ఈ అట్టలకు మూలము గళ్ళ కాగితము. చిత్రకారుడు మొదట కాగితముపై గడి గడికి రంగు నింపి నమూనాను గీయును. దానిని చూచుచు మరియొకడు అట్టలకు రంధ్రములు కొట్టును. ఒక్క రంధ్రము తప్పు పడినను హంస ముక్కు వంకరపోవును. ఎలుకలు కొరికినను, ఇంటికప్పు కురిసి అట్టలు తడిసినను, దండ త్రాడు తెగి వరుస తారుమారైనను నేత నిలిచిపోవును. గళ్ళ కాగితము పెట్టెలో భద్రముగా నున్నవారు మరల అట్టలు కొట్టించుకొందురు. అది కూడ లేనివారు పాత చీరను బల్లపై పరచి, భూతద్దముతో పోగులు లెక్కించుచు కూర్చుండవలసినదే. కావున రెండవ ప్రతి యొకటి వేరుగా నుండవలెనను మాట నేతవారికి క్రొత్తగా నేర్పవలసినది కాదు.

జోసెఫ్ మేరీ జాకార్డు అను ఫ్రెంచి దేశీయుడు 1804వ సంవత్సర ప్రాంతమున లియాన్ నగరమున ఈ యంత్రమును రూపొందించెను. 1839లో ఆ నగరమునందే అతని చిత్రపటమును పట్టుతో నేసిరి. దానికి సుమారు 24,000 అట్టలు పట్టినవి. చూచినవారు అది ముద్రించిన చిత్రమని భ్రమపడుచుండిరట. అట్టి పటము నొకదానిని ఛార్లెస్ బాబేజి అను ఇంగ్లీషు గణితజ్ఞుడు సంపాదించి తన యింట నుంచుకొనెను. పోగులను ఎత్తించు అట్టలు అంకెలను మాత్రమేల నడపలేవని తలచి, అతడు అట్టలతో పనిచేయు గణనయంత్రమును కల్పించుటకు పూనుకొనెను. అది అతని జీవితకాలమున పూర్తికాలేదు. కాని ఆ భావము నశింపలేదు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలరిత్ అను నతడు రంధ్రముల అట్టలతోను విద్యుద్యంత్రములతోను గణించెను. నేటి కంప్యూటరు వంశవృక్షమున మగ్గమును ఒక పూర్వికురాలని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఆ 1890వ సంవత్సరపు జనాభా పత్రముల కథ విచారకరమైనది. అంతకు పూర్వపు కొన్ని జనగణనలలో పత్రముల నకళ్ళు స్థానిక కార్యాలయములందును ఉంచుచుండిరి. 1890 నాటికి ఆ నియమము సడలినది. ఇంటింటికి పోయి వ్రాసికొనిన మూలపత్రములు వాషింగ్టను నగరమున ఒక్కచోటనే యుండెను. 1921 జనవరిలో ఆ భవనమున అగ్నిప్రమాదము సంభవించెను. మంటకు కొన్ని, మంట నార్పుటకు చల్లిన నీటికి కొన్ని పాడైపోయినవి. మిగిలినవానిని తరువాత అధికారులే పనికిరావని నాశనము చేయించిరి. కోట్లమంది పేర్లు, వయస్సులు, వృత్తులు నేడు ఎవరికిని తెలియవు. లెక్క కట్టిన యంత్రమేమో లోకప్రసిద్ధమైనది. లెక్కకు ఆధారమైన కాగితములు బూడిదలో కలిసినవి.

ఇప్పుడు నేత నమూనాలు పెక్కింటిని కంప్యూటరుమీద గీయుచున్నారు. గళ్ళ కాగితము తెరమీదికి వచ్చినది. గడి నిండియున్నచో ఒకటి, ఖాళీగా నున్నచో సున్న. యంత్రమునకు తెలిసినది ఈ రెండే. 240 కొక్కెముల జాకార్డుపై 500 అట్టలతో నేయు అంచు నొకదానిని తీసికొనిన, అందులోని గడులు 1,20,000. కంప్యూటరు భాషలో ఇవి 15,000 బైట్లు. చిటికెన వ్రేలంత పెన్ డ్రైవు, 32 గిగాబైట్లు పట్టునది, ఇట్టి నమూనాలను ఇరువది లక్షలకు పైగా దాచగలదు. రంగులతో, పెద్ద కొంగులతో నిజమైన ఫైళ్ళు ఇంతకంటె పెద్దవే యగును గాని విషయమిదియే: తాతలనాటినుండి గది నిండ పేర్చిన అట్టలు ఇప్పుడు చొక్కా జేబులో పట్టుచున్నవి. గది నిండ నున్న వస్తువును ఎవరును జారవిడువరు. జేబులోనిది జారిపోవుట కెంతసేపు!

నమూనాలు మాత్రమే కాదు. అదే కంప్యూటరులో పట్టు ఎవరికెంత ఇచ్చినది, కూలి ఎవరికెంత చెల్లింపవలసినది, ఏ వ్యాపారి బాకీ ఎంత అను లెక్కలుండును. నేతవారి ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతాల వివరములు, పాసుపుస్తకముల నకళ్ళు కూడ ఉండవచ్చును. వీనికి రెండు విధములైన ఆపదలు కలవు. ఒకటి, అవి పోవుట. రెండవది, పరుల చేత పడుట. ఈ రెండు ఆపదలకును మందు ఒక్కటి కాదు. సరికదా, ఒకదానికి వేసిన మందు రెండవదానిని ఎక్కువ చేయవచ్చును. నకళ్ళు పెరిగినకొలది పోవుట అరుదగును. కాని దొంగకు దారులు పెరుగును. తాళములు పెరిగినకొలది దొంగకు కష్టము. కాని తాళపుచెవి పోయిననాడు యజమానికిని కష్టమే.

మొదట ఫైళ్ళు ఎట్లు పోవునో చూడవలెను. హార్డు డిస్కు లోపల అద్దమువంటి పళ్ళెములు నిమిషమునకు 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుచుండును. వానిని చదువు సూది పళ్ళెమును తాకదు. తల వెంట్రుక మందములో వేయవ వంతుకంటెను తక్కువ యెత్తున తేలుచుండును. తిరుగుచుండగా క్రింద పడినచో, లోనికి ధూళి దూరినచో సూది పళ్ళెమును గీచివేయును. పెన్ డ్రైవులో తిరుగునదేమియు లేదు. దానిలో అక్షరములు అతిసూక్ష్మమైన విద్యుదావేశముగా నిలిచియుండును. ఏండ్ల తరబడి విద్యుత్తు తగులక అలమరలో పడియున్నచో ఆ యావేశము మెల్లమెల్లగా కారిపోవును. పాత సిడి పళ్ళెములకును పొర చెడు గుణము కలదు. ఇక మాటిమాటికి కరెంటు పోయి వచ్చు ఊళ్ళలో, వ్రాయుచుండగా యంత్రమాగినచో ఆ ఫైలు సగము క్రొత్తది, సగము పాతదియై పనికిరాకుండ పోవుటయు కలదు.

మనుష్యుల పొరపాటు వీనియన్నింటికంటె తరచుగా జరుగునది. ఒక చీర నమూనాను మార్చి, పాతదాని పేరుతోనే భద్రపరచుదురు. పాతది మాయమగును. ఈ సందర్భమున ఒక విశేషము తెలిసికొనదగినది. ఫైలును తుడిచివేసినప్పుడు సాధారణముగ కంప్యూటరు దాని పేరును పట్టికనుండి కొట్టివేయును గాని, అందలి వ్రాతను వెంటనే చెరపదు. గ్రంథాలయములో జాబితానుండి పుస్తకము పేరు తీసివేసి, పుస్తకమును బీరువాలోనే యుంచినట్లు. ఆ చోటున వేరొక వ్రాత పడువరకు నేర్పరులు దానిని వెలికి తీయగలరు. పొరపాటున తుడిచినవానికిది వరము. పాత హార్డు డిస్కును సంతలో అమ్మినవానికిది శాపము. అతడు తుడిచితిననుకొనిన లెక్కలన్నియు కొనినవాని చేతికి చిక్కవచ్చును. నేటి క్రొత్తరకపు డిస్కులలో పద్ధతి కొంత వేరు. అందువలన వానినుండి పోయినదానిని తిరిగి పొందుట కడు దుర్లభము.

పూర్వులు ఈ చిక్కునెట్లు ఎదుర్కొనిరో సోమందేపల్లి పరిసరములే చూపగలవు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో వీరభద్రాలయమున్నది. అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529 మొదలు 1542 వరకు గల నడుమ, విరూపణ్ణ దానిని గొప్పగా విస్తరింపజేసెను. ఆ యాలయమున దానశాసనములు రాతిపై చెక్కబడి యున్నవి. రాయి కదలదు, కాలదు, ఊరివారందరి యెదుట నుండును. దానమిచ్చిన భూమికి ఎల్లలు ఏవో దానిని చదివి చెప్పవచ్చును. విజయనగర రాజులు రాగిరేకులపైనను శాసనములు వ్రాయించి దానము పొందినవారి కిచ్చుచుండిరి. రేకులను ఉంగరమువంటి కడియమునకు గ్రుచ్చి, దానిపై వరాహముద్ర వేయుచుండిరి. మధ్య రేకును తీసివేసి దొంగరేకును చేర్చవలెనన్న కడియమును విరువవలెను, ముద్ర చెడును, మోసము బయటపడును. ఒకే దానమునకు రాతిపైన ఒక ప్రతి, రాగిపైన ఒక ప్రతి కలవని చెప్పదగిన సందర్భములును చరిత్రలో కనబడుచున్నవి. వస్తువులు వేరు, ఉండుచోట్లు వేరు, ఉంచుకొనువారు వేరు. 1565లో తల్లికోట యుద్ధము తరువాత విజయనగరము పాడుపడి, రాజధాని పెనుకొండకు తరలినది. నగరము నందలి తాటాకులును కాగితములును ఏమైనవో చెప్పువారు లేరు. ఊరూర రాతిపై నున్నవి మాత్రము నిలిచినవి.

రాగిరేకుల విషయమున తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు మరియొక పాఠము. ఆయన 1503లో పరమపదించెను. ఆయన ముప్పది రెండు వేల సంకీర్తనలు రచించెనని ప్రతీతి. ఆయన కుమారుని కాలమున వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున సంకీర్తన భాండారమను అరలో భద్రపరచిరి. రాగి చెడలేదు. కాని లోకము ఆ అరను మరచినది. ఇరువదవ శతాబ్దమున పండితులు వానిని చేపట్టి ప్రకటించువరకు, సుమారు నాలుగు వందల యేండ్లు, ఆ పాటలలో అధికభాగము వినువారు లేక రేకులయందే యుండెను. నేడు లభించినవి పండ్రెండు వేల పైచిలుకు. మిగిలినవి ఎచ్చట పోయినవో తెలియదు. వానికి వేరొకచోట మరియొక ప్రతి దొరకలేదు. నకలు ఎంత గట్టిదైనను అది ఎచ్చట నున్నదో ఇంటిలో ఇరువురికైన తెలియకున్నచో ఫలమేమి?

కడపలో ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను చేసిన పని ఇందుకు భిన్నమైనది. ఆయన తెలుగు తాళపత్రములను సేకరించి, తన సొమ్ముతో పండితులను, లేఖకులను పెట్టుకొని, ఒక కావ్యమునకు పెక్కు ప్రతులు సంపాదించి, ఒకదానితో నొకటి సరిచూపించెను. ఒక ప్రతిలో పురుగు తిన్న అక్షరము మరియొక ప్రతిలో నిలిచియుండును. ఒక లేఖకుని తప్పు మరియొకని ప్రతిచే తెలియును. ఆయన వ్రాయించిన కాగితపు ప్రతులు పెక్కు మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. నేటి కంప్యూటరును ఇదే పని చేయించవచ్చును. మూలమును, నకలును మొదటినుండి తుదివరకు చదివి, ప్రతిదానికి ఒక చిన్న సంఖ్యను గణించి, ఆ సంఖ్యలు రెండును సమానమా కావా యని అది చెప్పును. ఒక్క గడి తేడా వచ్చినను సంఖ్య పూర్తిగా మారిపోవును. బ్రౌనుగారి పండితులు నెలల తరబడి చేసిన సరిచూపు ఇప్పుడు టీ త్రాగునంతలో ముగియును.

ఇంత సులభమైనను నకళ్ళు లేకపోవుటచే కలిగిన అనర్థములు ఇటీవలి కాలమునను కలవు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో దక్షిణ కొరియా వారి కియా కార్ల కర్మాగారమున్నది. కావున కొరియా పేరు సోమందేపల్లి పిల్లలకు దూరదేశపు పేరు కాదు. యంత్రవిద్యలో అంతటి నేర్పు గల ఆ దేశమున, డేజాన్ నగరమునందలి ప్రభుత్వ సమాచార కేంద్రమున 2025 సెప్టెంబరు 26న అగ్నిప్రమాదము జరిగెను. బ్యాటరీలను ఒకచోటినుండి మరియొకచోటికి మార్చుచుండగా నిప్పు పుట్టెను. 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయినవి. వానిలో ఉద్యోగులు తమ ఫైళ్ళను దాచుకొను జి-డ్రైవు అను భాండాగారము కాలిపోయెను. అందున్నది 858 టెరాబైట్లు. మిగిలినవానిలో పెక్కింటికి వేరుచోట నకళ్ళుండెను. దీనికి లేదు, చాల పెద్దదగుటచే నకలు తీయలేదని అధికారులు చెప్పిరి. పెద్దదగుటచేతనే తీయవలసి యుండెనని ఎవరికైనను తోచును.

మన రాష్ట్రమునందును 2024 జూలై 21వ తేది రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయమున మంటలు లేచి భూముల ఫైళ్ళు పెక్కు కాలిపోయినవి. ఎకరము రెండెకరముల రైతునకు అట్టి కాగితమే ఆస్తి. కాలినవానిలోని వివరములకై ఇతర కార్యాలయముల ప్రతులను వెదకవలసి వచ్చెను.

నిప్పుతోను పనిలేకుండ ఫైళ్ళను హరించు దొంగతన మొకటి ఈ కాలమున పుట్టినది. దానిని రాన్సమ్‌వేర్ అందురు. ఇది కంప్యూటరులో దూరి, ఉన్న ఫైళ్ళనన్నింటిని యజమానికి తెలియని గూఢలిపిలోనికి మార్చివేసి, తాళపుచెవి కావలెనన్న సొమ్ము చెల్లింపుమని తెరమీద పత్రము చూపును. ఇంటిలోని సామాను ఇంటిలోనే యుంచి, తలుపునకు దొంగ తన తాళము వేసినట్లు. 2017 మే నెలలో వన్నాక్రై అను నట్టిది నూట ఏబది దేశములకు వ్యాపించెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిని పడినవి. విచారింపదగిన దేమన, దానిని నివారించు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ రెండు నెలలు ముందుగా, మార్చిలోనే విడుదల చేసియుండెను. దానిని చేర్చుకొనని యంత్రములు చిక్కినవి. తెరమీద సవరణ వచ్చినదని కనబడినప్పుడెల్ల ‘తరువాత చూతము’ అని నొక్కు అలవాటు ఎంత ప్రియమైనదో దీనివలన తెలియును.

2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు ఇట్టి ఆపదయే వచ్చెను. ఐదు సర్వర్లలో సుమారు 1.3 టెరాబైట్ల సమాచారము గూఢలిపిగా మారిపోయెను. రోగుల పేర్లు, పరీక్షల ఫలితములు, చీటీలు అన్నియు కాగితముమీద చేతితో వ్రాయవలసి వచ్చెను. దేశము నలుమూలలనుండి వచ్చిన రోగులు బారులు తీరి వేచియుండిరి. అయితే నకలు ఉంచిన సర్వరు ఒకటి దాడికి లోనుగాక మిగిలెను. దానినుండి ఆసుపత్రి సమాచారమును తీసి క్రొత్త సర్వర్లలోనికి ఎక్కించిరి. పనులలో అధికభాగము రెండు వారములకు కుదుటపడెను. ఆ ఒక్క సర్వరును తాకియున్నచో ఏమగునో ఊహింపవచ్చును.

సోమందేపల్లిలో నమూనాలు గీయు చిన్న దుకాణ మొకటి యున్నదనుకొందురు గాక. యజమాని జాగ్రత్తపరుడు. కంప్యూటరునకు పెన్ డ్రైవు నొకదానిని తగిలించి, నమూనాలన్నింటిని అందులోనికి ప్రతిదినము ఎక్కించుచుండును. నకలు ఉన్నదని నిశ్చింతగా నుండును. కాని ఆ పెన్ డ్రైవు ఎల్లప్పుడు కంప్యూటరుననే యుండును. రాన్సమ్‌వేర్ వచ్చినచో రెండింటిని ఒక్కమారే మూసివేయును. పిడుగుపాటుకు కరెంటు ఉప్పొంగినచో రెండును ఒక్కమారే కాలును. దొంగ వచ్చినచో కంప్యూటరుతోపాటు పెన్ డ్రైవును పోవును. పెట్టెకు తాళము వేసి చెవిని పెట్టెకే వ్రేలాడగట్టినవాని జాగ్రత్త యిది.

అతడు అంతర్జాలములోని భాండాగారమును ఆశ్రయించినను ఒక చిక్కు కలదు. కంప్యూటరులోని సంచిని, అక్కడి సంచిని నిత్యము సమానముగా నుంచు పద్ధతులు కలవు. ఇచ్చట గీచినది అచ్చట కనబడును. మంచిదే. అయితే ఇచ్చట తుడిచినది అచ్చటను తుడుపబడును. ఇచ్చట చెడినది అచ్చటను చెడును. అద్దములోని ప్రతిబింబము నకలు కాదు. మనిషి లేచిపోయిన అదియు పోవును. నకలనగా ఒకనాటి రూపమును ఆనాటి తేదీతో నిలిపి యుంచునది. నిన్నటిది, పోయిన వారముది, పోయిన నెలది విడివిడిగా నున్నప్పుడు చెడిపోయిన నమూనాకు వెనుకటి మంచిరూపము దొరకును. పాతరూపములను కొన్నిదినములవరకు ఉంచు భాండాగారములును కలవు. ఎన్ని దినములో ముందుగా కనుగొనవలెను.

అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ తన వృత్తిలోని వారికై ఒక లెక్కను ప్రచారము చేసెను. మూడు ప్రతులు, రెండు రకముల వస్తువులపై, అందొకటి వేరొక యింట. సోమందేపల్లి దుకాణదారునకు ఇది భారము కాదు. మొదటిది కంప్యూటరులోనిది. రెండవది విడిగా నుండు హార్డు డిస్కులో. నకలు తీయు వేళకే తగిలించి, పని కాగానే తీసి బీరువాలో నుంచవలెను. మూడవది ధర్మవరముననో హిందూపురముననో ఉన్న బంధువుల యింట గాని అంతర్జాలమున గాని యుండవలెను. ఇక్కడ ఇల్లు కాలినను ధర్మవరమున అక్కగారి బీరువా కాలదు. పండుగకు పోయినప్పుడు పాత డిస్కును తెచ్చుకొని క్రొత్తదాని నిచ్చి రావచ్చును. చేతిలోనున్న పనిని బట్టి ఎన్నాళ్ళకొకమారు నకలు తీయవలెనో నిర్ణయించుకొనవలెను. మూడు దినముల పని పోయినచో మరల చేసికొనగలవాడు మూడు దినముల కొకమారు తీసిన చాలును. నెలకొకమారు తీయువాడు నెల కష్టమును పణముగా పెట్టుచున్నాడు.

అక్కగారి బీరువాలోని డిస్కు పరుల చేత పడినచో? ఇచ్చటనే గూఢలిపి యజమానికి మేలు చేయును. దొంగ దేనితో ఫైళ్ళను బిగించునో ఆ విద్యతోనే యజమాని తన నకలును బిగించుకొనవచ్చును. నేడు వాడుకలో నున్న గట్టి గూఢలిపికి సాధ్యమైన తాళపుచెవుల సంఖ్యను వ్రాయవలెనన్న 78 అంకెలు కావలెను. ఒక్కొక్కటి ప్రయత్నించి తెరచుట ఎవరి తరమును కాదు. అందుచే దొంగ తాళమును విడిచి, యజమాని పెట్టుకొనిన సంకేతపదమును ఊహించుటకు పూనుకొనును. నాలుగంకెల సంకేతమునకు 10,000 రూపములే కలవు, యంత్రమునకవి రెప్పపాటు. చిన్న బడి అక్షరములు ఇరువదియారింటినుండి ఎనిమిది వాడినచో సుమారు 20,882 కోట్ల రూపములు. పెద్దదిగానే కనబడును గాని వేగముగల యంత్రములకు ఇదియు అసాధ్యము కాదు. మరి నాలుగక్షరములు చేర్చినచో ఆ సంఖ్య ఇంకను 4,56,976 రెట్లగును. కావున పొడవుననే బలమున్నది. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగైదు మాటలు కూర్చినచో గుర్తుంచుకొనుట సులువు, ఊహించుట కష్టము. పుట్టినతేది, ఫోను సంఖ్య, ఇష్టదైవము పేరు మొదలైనవి వీధిలో అందరు ఎరిగినవే. ఒక్క సంకేతపదమునే అన్నిచోట్ల వాడుటయు కూడదు. ఒకచోట బయటపడినచో అన్ని తలుపులు తెరచుకొనును.

ఈ గూఢలిపికి జాలి లేదు. సంకేతపదమును మరచిన యజమానికిని దొంగకును అది భేదము చూపదు. తాలూకా కచేరికి అర్జీ పెట్టినను, తయారుచేసిన సంస్థకు మొరపెట్టినను తెరచువారు లేరు. కనుక సంకేతపదమును కాగితముపై వ్రాసి, మడచి, లక్క వేసి, ఇంటి దస్తావేజులు ఉండుచోట దాచుట మంచిది. కంప్యూటరు తెరకు అంటించుట మాత్రము తగదు. ఇంటిపెద్దకు ఏమైన జరిగినచో భార్యయో కుమార్తెయో దానిని కనుగొనగలుగవలెను. పట్టు ఇచ్చిన లెక్కలన్నియు ఒక్కని మనసులోని మాటకు బందీలై, అతనితో పోవుట కుటుంబమునకు అప్పుకంటె బరువైన నష్టము. ఇతరుల ఆధారు సంఖ్యలు, ఖాతా వివరములు తన యొద్ద నుంచుకొనువానికి బాధ్యత ఇంకను ఎక్కువ. వ్యక్తుల సమాచారమును కాపాడుటకై పార్లమెంటు 2023లో ప్రత్యేక చట్టము చేసినది. పనియైపోయిన తరువాత అట్టి నకళ్ళను ఉంచుకొనకుండుటయే అన్నిటికంటె సులభమైన రక్షణ. లేనిదానిని దొంగిలించువాడు లేడు.

నకలు తీసితినని తృప్తిపడువారు తరచుగా ఒక పనిని మరచుచుందురు. నకలునుండి తిరిగి తీసి చూడరు. డిస్కు నిండి ఆరు నెలల క్రిందనే నకలు ఆగిపోయియుండవచ్చును. ఫైలు పేరుండి లోపల సున్నయే యుండవచ్చును. నమూనాలను గీచిన పాత ప్రోగ్రాము ఇప్పుడు దొరకక, ఫైలున్నను తెరచుకొనకపోవచ్చును. ఆపద వచ్చినదినమున ఇది తెలియుటకంటె ఆదివారము మధ్యాహ్నము తెలియుట మేలు. నెలకొకమారు బీరువాలోని డిస్కును తీసి, వేరొక కంప్యూటరునకు తగిలించి, పాత నమూనా నొకదానిని తెరచి, మగ్గమున కెక్కించి, జానెడు అంచు నేసి, ఏనాడో నేసిన చీరను ప్రక్కన పెట్టి చూడవలెను. హంసలు రెంటిలోను ఒక్కతీరుననే నడచినచో డిస్కును మరల బీరువాలో పెట్టవచ్చును.